నాలుగు వందల పదమూడో చెయ్యి

ఆ పెళ్ళిలో భోజనాలకు వెళ్ళాలంటే మూసి ఉన్న తలుపులోంచి నడిచి వెళ్ళాలి.

తీసిన తలుపులోంచి కాదు, అక్షరాలా మూసిన తలుపులోంచే. పాత వ్యాను పక్కభాగాన్ని నిలువునా కోసి, పెళ్ళి మండపానికీ భోజనాల హాలుకీ మధ్య ఉన్న ద్వారంలో బిగించారు. తలుపు ఉండాల్సిన చోట పాలమీగడ రంగులో సన్నటి పొర ఒకటి ఉంది. పిడికిలితో కొడితే ఠంగుమంటుంది. అరచెయ్యి ఆనించి అవతలికి అడుగు వెయ్యబోతే మాత్రం మెత్తబడి, మనిషి చుట్టూ జారి, ఆ మనిషి దాటగానే వెనక మళ్ళీ గట్టిపడిపోతుంది.

పెళ్ళికూతురు లహరి పీటల మీద కూర్చుని మెడ సాచి మరీ అటే చూస్తోంది. ఆ పొర ఆమె చేసింది. లోహపు నూలుతో అయిదేళ్ళు ప్రయోగశాలలో కుస్తీ పట్టి నేసింది.

"ఇటు చూడవోయ్, పెళ్ళి నాతో," అన్నాడు చక్రధర్, దోసిట్లో తలంబ్రాలు పట్టుకుని.

"ఒక్క నిమిషం. మా మేనత్త దూరుతోంది."

మేనత్త దూరింది. ఆవిడ జడలోని కనకాంబరాలు మాత్రం ఇవతలే రాలిపోయాయి. పొరకి మనిషి తెలుసు గానీ పూలదండ తెలియదు. ఒక పెద్దాయన మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, ఎవరో అడిగితే "మజ్జిగ అక్కడుంది, చెప్పులిక్కడున్నాయి, ఏం చెయ్యను?" అని కసురుకున్నాడు. పిల్లలు వరస కట్టారు. ఆటోనగర్ మెకానిక్కులంతా పొర అంచుల్ని గోళ్ళతో గీకి చూసి, తలలు పంకించి, లోపలికి వెళ్ళారు.

ఇదంతా సరదా కోసం కాదు. కారు తలుపుగా పనికిరావాలంటే ఆ పొర ఒక్క సంగతి తెలుసుకోవాలి: ఈ చెయ్యి దిగాలనుకుంటోందా, ఊరికే ఆనుకుందా? నిద్రలో తలుపు మీదికి వాలిన పిల్లని రోడ్డు మీద పడెయ్యకూడదు కదా. దిగాలనుకునే మనిషి అరచేతిలో, అడుగు పడకముందే, కండరాలు సన్నగా అదురుతాయి. ఆ అదురుని గుర్తుపట్టడం రావాలంటే వందల చేతుల్ని చూసి నేర్చుకోవాలి. వందల చేతులు ఒక్కచోట, ఒక్కపూట ఎక్కడ దొరుకుతాయి?

"మన పెళ్ళిలో!" అని ఇద్దరూ ఒకేసారి అనుకున్నారు. ఆ ఆలోచన వచ్చిన రోజు ఇద్దరూ చెరో రెండు జిలేబీలు ఎక్కువ తిన్నారు.

సాయంత్రానికి లెక్క తేలింది. నాలుగు వందల పన్నెండు చేతులు.

పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఆ తలుపు దాటనిది ఒక్కరే, చక్రధర్ తల్లి నాగరత్నం. ఆవిడ వంటశాల వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, అందరితోపాటు బంతిలో కూర్చుని భోంచేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

* * *

విజయవాడ పటమటలో వాళ్ళ ఇల్లు, ఆటోనగర్‌లో వాళ్ళ షెడ్డు. కొత్త కాపురంలో లహరికి ప్రతిదీ పండగలాగే ఉంది. స్టీలు క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి క్లిక్కుమని కూర్చోవడం ఇష్టం. చక్రధర్ చొక్కాకి పూసుకున్న గ్రీజు మరక ఏ ఆకారంలో ఉందో చూడటం ఇష్టం. రోజూ పొద్దున పెసరట్టు తిరగేసేటప్పుడు అత్తగారు "ఇప్పుడు" అని మెల్లిగా చెప్పడం మరీ ఇష్టం. ఆ "ఇప్పుడు" అనకముందే తిప్పితే పెసరట్టు ముక్కలవుతుంది. లహరి నెల రోజులపాటు ముక్కల పెసరట్లే వేసింది.

నాగరత్నం ఎక్కడికి వెళ్ళినా ఆటోలోనే వెళ్తుంది. కొడుక్కి కార్ల షెడ్డు ఉండి ఆవిడ ఆటో ఎక్కడమేంటని కొత్తలో లహరి అడిగింది.

"ఆటోకి తలుపుండదు గదమ్మా," అంది ఆవిడ, అంతకన్నా చెప్పాల్సిందేమీ లేనట్టు.

మిగతాది చక్రధర్ చెప్పాడు. ఆరేళ్ళ కిందట అమ్మానాన్నా బందరు నుంచి వస్తుంటే కారు కాలువలో పడింది. బయటి నీళ్ళు అంత బరువుతో నొక్కుతుంటే ఏ తలుపూ తెరుచుకోదు. నాన్న వీరభద్రం కిటికీ అద్దం పగలగొట్టి అమ్మని బయటికి నెట్టాడు. ఆయన రాలేదు.

ఆ తరవాతే చక్రధర్‌కి తలుపుల పిచ్చి పట్టింది. షెడ్డు గోడకి ఆ పిచ్చి అంతా వరసగా వేలాడుతూ ఉంటుంది. పక్షి రెక్కలా పైకి లేచే తలుపు ఉంది. అది చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ, అపార్ట్‌మెంటు సెల్లారులో తీస్తే పైనున్న దూలాన్ని గుద్దుకుంది. కారు తిరగబడితే దాన్ని తియ్యాలన్నా చోటుండదు. కత్తెరలా నిట్టనిలువుగా లేచేది ఇంకోటి. అది ఎప్పుడు దిగి మెడ మీద పడుతుందోనని ఎవరూ నింపాదిగా దిగలేదు. పక్కకి జరిగే తలుపు పట్టాల్లో ఇసుక చేరి మొరాయించింది. వెనక్కి తెరుచుకునే తలుపు గాలికి విసురుగా తెరుచుకుని రెండుసార్లు ఊడివచ్చింది. ఇక పెట్టె మూతలా కారు పైకప్పంతా లేచేది ఒకటి. వాన పడుతుండగా దాన్ని తీసి చూశారు.

"సాంబారు గిన్నె," అన్నాడు మస్తాన్ ఆ రోజు. మస్తాన్ ఆ షెడ్డులో పాతికేళ్ళుగా రేకుపని చేస్తున్నాడు. వీరభద్రానికి స్నేహితుడు, చక్రధర్‌కి బాబాయి వరస. ఏ తలుపు మీదైనా తీర్పు ఆయనే చెప్పాలి.

ఈ తలుపుల మధ్యకి ఒకరోజు లహరి చేతిలో చిన్న మీగడరంగు ముక్కతో వచ్చి, "దీన్ని ఇనుప చట్రంలో బిగించేవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది. మస్తాన్ దాన్ని సుత్తితో కొట్టాడు, ఠంగుమంది. చక్రధర్ వేలు పెట్టాడు, వేలు అవతలికి వచ్చింది. ఆ వేలు వంకా, లహరి వంకా మార్చి మార్చి చూశాడు.

"నీళ్ళలో కూడా ఇంతేనా?" అన్నాడు.

"నీళ్ళు ఎంత నొక్కినా ఇది కదలక్కర్లేదుగా. మనిషి జారిపోతాడు, పొర ఉన్నచోటే ఉంటుంది."

చక్రధర్ వెనక్కి తిరిగి చాలాసేపు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ వీపు చూసే తను పెళ్ళి చేసుకోవాలనుకున్నానని లహరి ఇప్పటికీ చెబుతుంది.

* * *

పెళ్ళయిన నలభయ్యో రోజున కైకలూరు దగ్గర ఓ స్నేహితుడి చేపల చెరువులో పరీక్ష పెట్టుకున్నారు. చేపలు పట్టేశారు, కొత్తవి ఇంకా వెయ్యలేదు. క్రేనుకి కారు కట్టారు. నీళ్ళలో ఇద్దరు ఈతగాళ్ళు. కార్లో చక్రధర్, అతని ఒళ్ళో ఊపిరి పీల్చుకోవడానికి గాలి సీసా. గట్టు మీద లహరి, చెవిలో అతని మాటలు వినిపించే పరికరం.

కారు మునిగింది.

"మునిగాను," అంది చెవిలో గొంతు. "చాలా చీకటిగా ఉంది. చెయ్యి పెట్టాను."

లహరి నవ్వుతూ ఎదురుచూసింది.

"తీయట్లేదు."

"గట్టిగా ఆనించు."

"ఆనించా. తీయట్లేదు, లహరీ." కాసేపాగి, వేరే ఎవరిదో అనిపించే గొంతుతో, "లహరీ."

ఆమె చెయ్యెత్తింది. క్రేను లేచింది. మొత్తం ఇరవయ్యారు సెకన్లు. ఒళ్ళో గాలి సీసా ఉందని ఆ ఇరవయ్యారు సెకన్లూ అతనికీ గుర్తులేదు, ఆమెకీ గుర్తులేదు.

నీళ్ళు కారుతూ కారు గట్టు మీదికి వచ్చింది. లోపల చక్రధర్ ఇంకా పొరని రెండు చేతులతో నెడుతూనే ఉన్నాడు. అది రాయిలా ఉంది. మస్తాన్ విసుగ్గా వచ్చి బయటి నుంచి అరచెయ్యి పెట్టాడు. పొర ఆయన్ని మెత్తగా లోపలికి రానిచ్చింది. చక్రధర్ నడుం పట్టుకుని, ఆ తలుపులోంచే బయటికి లాక్కొచ్చాడు.

"పాడవలేదు. నాకు తీస్తోంది," అన్నాడు మస్తాన్ అయోమయంగా.

లహరి తువ్వాలు కప్పి భర్త పక్కన కూర్చుంది. అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, తీసుకుని ఉలిక్కిపడింది. నలభై రోజులుగా ఆ చేతిని చదువుకుంటోంది. వెచ్చగా ఉంటుంది, బొటనవేలి మొదట్లో కాయ ఉంటుంది, పట్టుకోగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. ఇప్పుడు అది ఐసుపెట్టెలోంచి తీసిన చేపలా ఉంది. అందులోని వణుకు ఆమె ఎరిగినది కాదు.

"ఇది నీ చెయ్యిలా లేదు," అంది.

అని ఆగిపోయింది. చెరువుకేసీ తలుపుకేసీ చూసింది.

"చక్రీ, మనం తలుపుకి ఏం నేర్పాం?"

"దిగడం."

"కాదు. భోజనానికి వెళ్ళడం నేర్పాం. నాలుగు వందల పన్నెండు మందీ పప్పు వాసన చూసుకుంటూ వెళ్ళినవాళ్ళే. అన్నీ వెచ్చటి చేతులే. భయపడ్డ చెయ్యి దానికి ఒక్కటీ తెలీదు. పెళ్ళిలో ఎవరు భయపడతారు?"

"నేను భయపడ్డా," అన్నాడు చక్రధర్, పళ్ళు టకటకలాడుతుంటే.

"నువ్వు పీటల మీదున్నావుగా, తలుపు దగ్గర లేవు," అంది లహరి. నవ్వబోయి ఏడ్చేసింది.

* * *

ఆ వారమంతా షెడ్డులో భయం తయారుచెయ్యడానికి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మస్తాన్ కార్లో కూర్చుంటే చక్రధర్ వెనక నుంచి టపాకాయ పేల్చాడు. మస్తాన్ మీద బల్లిని వేశారు. ఆయన బల్లిని తీసి పక్కన పెట్టి, "ఇంకేమన్నా ఉందా, పన్జేసుకోనిస్తారా?" అన్నాడు. ఉలిక్కిపడటం వేరు, ప్రాణం దక్కించుకుని బయటపడాలనుకోవడం వేరు. పొర ఆ తేడా పసిగట్టేస్తోంది.

ఆ ఇరవయ్యారు సెకన్లు పొరకి నేర్చుకోవడానికి చాలలేదని చక్రధర్ మళ్ళీ మునుగుతానన్నాడు. లహరి ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా లాభం లేదు, ఈసారి ఒళ్ళో సీసా ఉందని అతనికి గుర్తుంటుంది. నిజమైన భయం కావాలంటే ఏమీ తెలియని మనిషిని ముంచాలి. ఆ మాట అనుకున్నందుకే లహరికి సిగ్గేసింది. తలుపు మీద టార్పాలిన్ కప్పేసింది. కాపాడుతుందని నమ్మి చెయ్యి పెట్టిన మనిషి ముందు రాయిలా నిలబడే తలుపు అసలు ఉండకపోవడమే నయం.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇదంతా చెప్పింది. నాగరత్నం వడ్డిస్తూ విన్నది.

"ఎన్ని చేతులు కావాలమ్మా?"

"ఒక్కటి చాలు అత్తయ్యా. అదే చెయ్యి భయంలో ఒకసారి, మామూలుగా ఒకసారి దొరికితే, ఆ తేడాని బట్టి మిగతా నాలుగు వందల పన్నెండూ భయపడితే ఎలా ఉంటాయో లెక్క కట్టేస్తాను. ఆ ఒక్కటే లేదు."

నాగరత్నం మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"నా దగ్గరుంది," అంది.

"అమ్మా, వద్దు," అన్నాడు చక్రధర్ వెంటనే.

"నీళ్ళక్కర్లేదురా నాకు. కార్లో కూర్చోబెట్టి తలుపులెయ్యి, చాలు."

లహరి కంచం ముందు నుంచి లేచింది. "నా తలుపు కోసం మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టలేను అత్తయ్యా."

"నీ తలుపు కోసం ఎవరు కూర్చుంటున్నారు?" ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "కాలవ పక్కన రోజూ ఎన్ని కార్లు పోతున్నాయో చూశావా? నేను ఆటోలో కూర్చుని లెక్కపెడుతుంటా. అన్నీ తలుపులేసుకునే పోతుంటాయి."

మర్నాడు పొద్దున ఆటోలో షెడ్డుకి వచ్చింది. కొంగు నడుముకి బిగించుకుని కారు దాకా నడిచింది. అక్కడ ఆగింది. ఒక కాలు లోపల పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. లహరి రెండో వైపు నుంచి ఎక్కి పక్కన కూర్చుంది. పొర బిగించిన తలుపు చట్రాన్ని చక్రధర్ వెయ్యలేకపోయాడు. మస్తాన్ వేశాడు.

"మూడు నిమిషాలు అత్తయ్యా. అది చదివేదాకా తియ్యదు. వద్దనిపిస్తే చెప్పండి, వెంటనే ఆపేస్తాను."

నాగరత్నం పొర మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి వణికింది. వణుకు మోచేతి దాకా, భుజం దాకా పాకింది. లహరి ఆ చెయ్యి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లెక్క చెడిపోతుంది. అందుకని రెండో చెయ్యి పట్టుకుంది.

"నీళ్ళు చల్లగా ఉంటాయనుకుంటారు," అంది నాగరత్నం పళ్ళ మధ్య నుంచి. "కాదు. బరువుగా ఉంటాయి."

ఒక నిమిషం.

"ముందు నా బెల్టే తీశారాయన. తనది పెట్టుకునే ఉన్నారు. నేను చూశాను, చెబుదామనుకున్నాను. నోటినిండా నీళ్ళు."

రెండు నిమిషాలు. ఆవిడ ఊపిరి తెగి తెగి వస్తోంది. లహరి వేళ్ళు నలిగిపోతున్నాయి. ఆపేస్తానని చెప్పడానికి నోరు తెరిచింది.

"ఆపావంటే ఊరుకోను," అంది అత్తగారు, కళ్ళు తెరవకుండా.

ఆ మూడో నిమిషం ఎప్పటికి అయిందో లహరికి తెలియలేదు. భయపడ్డ చేతిని గుర్తుపట్టినట్టు పొర అంచున ఎప్పుడూ లేని ఒక నీలం గీత వెలిగింది. పొర మెత్తబడింది. నాగరత్నం దాదాపు పడిపోతూ బయటికి జారి కొడుకు చేతుల్లో పడింది. అతను తల్లిని పట్టుకుని నేల మీదే కూలబడ్డాడు. మస్తాన్ అటు తిరిగి రేకు మీద ఊరికే సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి ఆవిడ తలెత్తింది. "సరిపోయిందా? కావాలంటే ఇంకా ఉంది."

"సరిపోయింది అత్తయ్యా." లహరి కళ్ళు తుడుచుకుంది. "ఇక మామూలు చెయ్యి కావాలి. భయం లేకుండా, ఊరికే దిగాలనుకుని."

నాగరత్నం మొహంలో మొదటిసారి బెరుకు కనిపించింది.

"భయమంటే ఎంతైనా ఇస్తాను. మామూలు చెయ్యి ఎక్కణ్ణుంచి తెచ్చేదమ్మా?"

* * *

దాన్ని ఎక్కణ్ణుంచీ తేలేరు గనక ఇద్దరూ దాని కోసం కూర్చున్నారు.

రోజూ పదకొండింటికి అత్తాకోడళ్ళు షెడ్డులో ఆగి ఉన్న కార్లో కూర్చునేవాళ్ళు. మొదటి రోజు రెండు నిమిషాలు. రెండో రోజు అయిదు. నాగరత్నం చేతులు ఖాళీగా ఉంటే వణుకుతున్నాయని లహరి చిక్కుడుకాయలు తెచ్చింది. ఈనెలు తీస్తూ కూర్చున్నారు. కారంతా చిక్కుడు ఈనెలు. మస్తాన్ అద్దంలోంచి తొంగిచూసి, "కారా, కూరగాయల కొట్టా?" అన్నాడు.

కబుర్లు మొదలయ్యాయి. చక్రధర్ చిన్నప్పుడు స్పానరు మింగబోయిన సంగతి, వీరభద్రం పెళ్ళిచూపులకి గ్రీజు గోళ్ళతో వచ్చిన సంగతి. "దాచుకోవడానికి జేబుల్లో చేతులు పెట్టుకు కూర్చున్నారు. కాఫీ ఇస్తే ఏ చేత్తో తీసుకుంటారు పాపం?" అని నాగరత్నం నవ్వింది. భర్త పేరెత్తి ఆవిడ నవ్వడం లహరి అప్పుడే చూసింది. పొర చదివిన చేతుల్ని నమోదు చేసే మెషీను మాత్రం రోజూ అదే చూపిస్తోంది, భయం. తగ్గుతోంది, పోవడం లేదు.

పంతొమ్మిదో రోజున లహరి వంట తనే చేసింది. గోంగూర పప్పు, వడియాలు. ఆలస్యమైంది. క్యారియర్ తీసుకొచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టేసరికి పన్నెండున్నర. అత్తగారు అప్పటికే కార్లో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఏదో వారపత్రిక చదువుతోంది. చక్రధర్ క్యారియర్ మూత తీశాడు. గోంగూర వాసన షెడ్డంతా కమ్ముకుంది.

"వడియాలు వేయించావా, మాడ్చావా?" లోపల్నుంచి నాగరత్నం గొంతు.

"చూసి చెప్పండి మీరే!"

"మూత పెట్టరా, మెత్తబడిపోతాయి," అంటూ ఆవిడ పత్రిక మడిచి, కళ్ళజోడు తీసి, అరచెయ్యి తలుపు మీద వేసి దిగి వచ్చేసింది.

లహరి, చక్రధర్, మస్తాన్ ముగ్గురూ ఒకసారి తలుపుకేసీ, ఒకసారి ఆవిడకేసీ చూశారు. నాగరత్నం బల్ల దగ్గరికి వచ్చి, ఒక వడియం కొరికి, "కొంచెం మాడింది, పర్లేదు," అంది. తలెత్తింది.

"ఏంటలా చూస్తారు? కంచాలు తియ్యండి."

లహరి వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకుంది. కారు వైపు, తలుపు వైపు, మళ్ళీ కారు వైపు చూసి అప్పటికి నాగరత్నానికి అర్థమైంది. చేతిలో సగం వడియంతో అలాగే నిలబడిపోయింది.

మెషీన్లో నాలుగు వందల పదమూడో చెయ్యి రెండుసార్లు నమోదై ఉంది. మొదటిది వంకర టింకరగా, పిచ్చి గీతల్లా ఉంది. రెండోది పెళ్ళిలో బంతికి వెళ్ళిన వాళ్ళందరి చేతుల్లాగే ఉంది.

* * *

వారం తిరక్కుండా మళ్ళీ కైకలూరు వెళ్ళారు. ఈసారి కార్లో తను కూర్చుంటానని లహరి పట్టుబట్టింది. ముప్పావుగంట గొడవపడ్డాక గెలిచింది. ఎంతో ధైర్యంగా వెళ్ళింది గానీ, నీళ్ళు అద్దాల్ని కప్పి చీకటి పడేసరికి ఆ ధైర్యం ఏమైపోయిందో తెలియలేదు. చెయ్యి చేపలా చల్లబడింది. ఆ చేతినే పొర మీద పెట్టింది.

నీలం గీత వెలిగింది. తలుపు ఆమెని వదిలేసింది.

నీళ్ళ పైకి తేలి, దగ్గుతూ, నవ్వుతూ, గట్టు మీద ఎగురుతున్న మొగుణ్ణీ, తల మీద చెయ్యేసి ఏదో గొణుక్కుంటున్న మస్తాన్‌నీ, కుడిచెయ్యి ఛాతీకి అదుముకుని నిలబడ్డ అత్తగారినీ చూసింది. ఇంతకన్నా అందమైన దృశ్యం లోకంలో ఉంటుందని ఆమెకి అనిపించలేదు.

ఆ సాయంత్రం విజయవాడకి బయలుదేరేటప్పుడు, పొద్దున నాగరత్నాన్ని అంత దూరం తీసుకొచ్చిన ఆటో చెరువు దగ్గరే ఆగి ఉంది.

"అతన్ని వెళ్ళిపొమ్మనరా. పాపం, ఎంతసేపని కూర్చుంటాడు?" అంది ఆవిడ. మరో మాట లేకుండా వచ్చి, మునిగిన కారు పొర తలుపుని మస్తాన్ ఊడదీసి బిగించిన రెండో కార్లో వెనకసీట్లో, ఆ తలుపు పక్కన కూర్చుంది. చక్రధర్ తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడు.

దారిలో కాలువ వచ్చింది. రోడ్డు పక్కనే, నిండుగా, ఎండకి మెరుస్తూ. నాగరత్నం అరచెయ్యి తలుపు మీద ఆనించి ఉంది. లహరి తల తిప్పకుండా ఓరగా పొర అంచుకేసి చూసింది. ఆ తలుపుకి ఇప్పుడు భయమూ తెలుసు, ఆకలీ తెలుసు. భయపడి దిగిపోవాలనే కోరిక ఏ మూల రవ్వంత ఉన్నా నీలం గీత వెలిగి తీరుతుంది.

కాలువ పొడుగునా అది వెలగలేదు.